రెండు ముళ్ళ దారం

ఆ రోజు తెల్లారేసరికే ఉక్కగా ఉంది. సముద్రం వైపు నుంచి గాలి లేదు. రాత్రి రాలిన జీడిపళ్ళు తోటలో నేల మీద పడి పులిసిన వాసన వేస్తున్నాయి. వంగి ఒక్కొక్క పండు ఏరి, పిక్క మెలితిప్పి బుట్టలో వేస్తున్నాను. రెండో బుట్ట సగమైనప్పుడు నా భార్య గట్టు మీద నడిచి రావడం కనిపించింది. చేతిలో అన్నం గిన్నె లేదు.

"మావా, అత్త పోనాది," అంది. "టీ ఇద్దామని ఎల్లాను. ఎంత పిలిసినా పలకనేదు. పనాపీసి రా."

చేతిలో ఉన్న పండుకి పిక్క తీసి, దాన్ని బుట్టలో వేసి లేచాను.

ఆమె మా నాన్న చెల్లెలు, నాకు మేనత్త. వజ్రపుకొత్తూరు మండలంలో మా ఊళ్ళో, మా వీధిలోనే రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మావయ్య ఆరేళ్ళ క్రితం కిడ్నీ జబ్బుతో పోయాడు. తర్వాత ఆ జబ్బు ఆమెకీ వచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో ఈ మాట చెబితే ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. ఎప్పుడు తెలిసిందని అడుగుతారు. నీళ్ళని కొందరు, పురుగుమందులని కొందరు అంటారు. ఆమెకి మాత్రం ఏ సంగతీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

టెక్కలిలో చర్చి సంఘం పనుల మీద వచ్చేవాళ్ళు దిగడానికి ఒక బంగళా ఉండేది. ఇప్పుడు మూసేశారు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ వంట ఆమెదే. మీలో ఎవరైనా అక్కడ భోంచేసి ఉంటే మాంసం చుట్టలు గుర్తుండే ఉంటాయి. పెద్ద మాంసాన్ని, అదే గొడ్డు మాంసాన్ని, నరానికి అడ్డంగా పల్చగా కోసి, కర్రతో సాపు చేసి, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి రాసి, సన్నగా పొడుగ్గా తరిగిన క్యారెట్, బీన్స్, క్యాప్సికం లోపల పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి దారంతో కట్టేది. బంగళాకి వచ్చినవాళ్ళు దాన్ని స్టేక్ రోల్ అనేవారు. ఆమె చుట్ట అనేది.

ఎన్ని దారాలు కట్టిందో అన్ని దారాలూ వడ్డన అయ్యాక సాసర్‌లోకి తిరిగి రావాలి. ఒకసారి ఒక పెద్దాయన నోట్లోకి దారం పోయిందట. ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేది. "దొరలాటి మనిసి అందరి ముందరా కూకోని నోట్లోంచి దారం లాగుతన్నాడు. బారువలో వల లాగినట్టే. నానెక్కడ దాక్కోను సెప్పు?" అనేది. ఆ రోజు నుంచి దారాలు లెక్కపెట్టనిదే చెయ్యి కడుక్కునేది కాదు.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరి వంటనీ బాగుందనేది కాదు, తన వంటతో సహా. పెళ్ళిలో తిన్నా, పండక్కి మా ఇంట్లో తిన్నా, ఏం తక్కువైందో అది మాత్రమే చెప్పేది. నా భార్య కాపురానికొచ్చిన కొత్తలో చేపల పులుసు చేసి పెడితే, గిన్నె ఖాళీ చేసి, "సింతపండు ఇంకాస్త నానాలే కోడలా," అంది. నా భార్య రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు చింతపండు ముందే నానబెట్టింది.

కూరగాయలు ఉడికిన నీళ్ళు పారబోస్తే ఆమెకి కోపం వచ్చేది. "రుసంతా అందులోనే ఉన్నాది. ముక్కల్లో ఏటుంది?" అనేది. ఆ నీళ్ళతోనే చారు పెట్టేది. అలాంటి మనిషికి డయాలసిస్ మొదలయ్యాక పలాస ఆసుపత్రిలో నర్సు చెప్పిన మొదటి మాట, కూరగాయలు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోయాలని, మళ్ళీ ఉడికించి ఆ నీళ్ళు కూడా పారబోయాలని. అందులో పొటాషియం పోతుందట. ఉప్పు వద్దంది. మాంసం కొంచెం తినొచ్చంది. రోజుకి తాగే నీళ్ళు కొలిచి చెప్పింది.

అత్త ఆ నీళ్ళు తూముకి పోయనిచ్చేది కాదు. గిన్నె పట్టుకెళ్ళి పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పోసేది. "నాకు వద్దన్నారు. దానికి వద్దన్నోళ్ళు నేరు," అనేది.

ఎయిర్ ఫ్రయర్ ఆమె కూతురు పంపింది. నాకు మరదలు, విశాఖలో ఉద్యోగం. అమ్మ నూనె తగ్గించాలని, పొయ్యి దగ్గర నిలబడలేదని పంపింది. నల్లటి గుండ్రటి డబ్బా. అత్త దాని చుట్టూ తిరిగి, వెనక గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి చూసింది.

"మంట ఏదిరా అల్లుడూ?"

"లోపల కాయిల్ ఉంటాదత్తా. వేడి గాలి తిరుగుతాది."

"గాలికి వంటేటి? మన ఉప్పుసేపలు ఎండుతాయి గాలికి."

అయినా మొదటి ఆదివారమే చుట్టలు పెట్టించింది. డయాలసిస్ కోసం ఆమె ఎడమచేతికి రక్తనాళం ఆపరేషన్ అయింది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. అందుకని స్టూలు మీద కూర్చుని చెప్పడం ఆమె పని, చెయ్యడం నా పని. నేను కర్రతో మాంసం కొడుతుంటే ఆపేసింది.

"దాని మీద నీకేటి పగరా? అది ముందే సచ్చింది. మళ్ళీ సంపక్కర్నేదు, సాపు సెయ్యి."

దారం తడిపి కట్టమంది. కొసలు దగ్గరగా కత్తిరించమంది. పొడుగ్గా వదిలితే గాలికి లేచి కాయిల్‌కి తగిలి మాడతాయని ఒక్కసారి చూసి పట్టేసింది. పైన కొంచెం నూనె రాసి, నూట ఎనభై డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు, ఆరో నిమిషంలో తిప్పాలి. డబ్బా గంట కొట్టినా నమ్మేది కాదు. "దానికి తెలిసింది, నాకింకా తెల్నేదు," అని తెరిపించి, వాసన చూసి, అప్పుడు తియ్యమనేది.

మాకు ఉప్పు వేసిన చుట్టలు, ఆమెకి ఉప్పు లేనివి. రెండూ ఒకే బుట్టలో కాలతాయి. కలిసిపోకుండా గుర్తు కూడా ఆమే పెట్టింది. మా చుట్టల దారానికి ఒక ముడి, ఆమె చుట్టకి రెండు ముళ్ళు. అలా ఏడాదిన్నర, నెలకి ఒకటో రెండో ఆదివారాలు చేశాం. ఆమె తన చుట్ట సగం తినేది. "పొట్టు నమిలినట్టున్నాది," అనేది.

ఈ వేసవి మొదట్లో ఆమె కాళ్ళు బాగా వాచాయి. పలాస ఆటో ఎక్కాలంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. ఒక శనివారం డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని, నన్ను పిలిచింది.

"అల్లుడూ, రేపు ఒక్క సుట్ట సేసి పెట్టు. ఒక్కటంటే ఒక్కటి. కూరముక్కలు నానబెట్టకు. నీళ్ళు పారబొయ్యకు. ఉప్పెయ్యి. ఒక్క ముడి కట్టు."

నేను చూద్దాంలే అన్నాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య, "ఇచ్చీ మావా. ఎన్నాళ్ళ తిండి అడిగింది?" అంది. మరదలికి ఫోన్ చేశాను. "వద్దు బావా," అంది. "ఈ వారం రిపోర్టులో పొటాషియం చాలా ఎక్కువుంది. గుండె మీదకొస్తుంది. కొన్నాళ్ళు ఆగమను. తగ్గాక నేనే వచ్చి చేసి పెడతాను." ఏడుస్తూ చెప్పింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక చుట్టలు కట్టాను. కూరగాయలు నానబెట్టాను. ఉడికించి నీళ్ళు పారబోశాను. ఆమె చుట్టకి ఉప్పు వెయ్యలేదు. మిరియాలు ఎక్కువ వేసి నిమ్మకాయ పిండాను. దారానికి ఒక్క ముడే వేశాను.

మంచం మీద కూర్చోబెట్టి పళ్ళెం ఇచ్చాను. ఆమె పళ్ళెం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ముడి చూసింది. గోరుతో విప్పి, దారం పక్కన పెట్టింది. ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. నేను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.

చుట్ట మొత్తం తినేసింది. తర్వాత దారం చేతిలోకి తీసుకుంది. వేళ్ళు వాచి ఉన్నాయి, పట్టు దొరకలేదు. అయినా ఒక ముడి వేసింది. దాని పక్కన ఇంకో ముడి వేసింది. సాసర్‌లో పెట్టింది.

"బాగున్నాది అల్లుడూ," అంది.

నేను పళ్ళెం తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. మరదలు వచ్చి చెయ్యడానికి కుదరలేదు. తొమ్మిదో రోజున, నేను తోటలో ఉండగా, ఆమె పోయింది.

అత్త ఆసుపత్రి కాగితాల కోసం పలాస వెళ్ళినప్పుడు ఆ నర్సుని అడిగాను. "నిద్దట్లోనే గుండె ఆగిపోయి ఉంటాదండి. తిండి తేడా ఏటీ కాదు. మీరు బాగానే సూసుకున్నారు," అంది. అయితే ఆమె అడిగిన ఆ ఒక్కటీ పెట్టినా ఇంతే కదా అని అడగబోయాను. వెనకాల ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. కాగితం తీసుకుని వచ్చేశాను.

అత్త పేరున ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక నాడు భోజనంలోకి నేనే చుట్టలు చేశాను. కూరముక్కలు నానబెట్టలేదు. క్యారెట్, బీన్స్ కాస్త ఉడికించిన నీళ్ళు పారబోయకుండా, అందులోనే మాంసం నానవేశాను. ఉప్పు వేశాను. మొత్తం పన్నెండు. పదకొండింటికి ఒక ముడి. ఒకదానికి ఉప్పు లేకుండా రెండు ముళ్ళు.

ఆ ఒకటీ నా భార్యది. అత్త పోయిన వారంలోనే ఊళ్ళో రక్తపరీక్షలు చేశారు. నా భార్య రిపోర్టులో కిడ్నీ జబ్బుని పట్టించే క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. రెండో పరీక్ష అయ్యేదాకా ఉప్పు మానమన్నారు. ఎవరికీ చెప్పొద్దంది. మరదలు మాత్రం నా భార్య పళ్ళెంలో రెండు ముళ్ళు చూసి నా వైపు చూసింది. తన చుట్ట కొంచెం తిని, "ఉప్పు సరిపోయింది బావా," అని పళ్ళెం కింద పెట్టేసింది.

పాస్టరుగారు రెండోది అడిగి వేయించుకున్నారు. నా భార్య తనది సగం తిని, "అత్త నిజమే సెప్పింది. పొట్టే," అంది. అంతా లేచాక సాసర్‌లో దారాలు లెక్కపెట్టాను. పన్నెండూ వచ్చాయి. అత్త ఇంటి పెరట్లో కరివేపాకు మొక్క నా నడుం ఎత్తు పెరిగింది. ఎండకి మొదలు పొడిగా ఉంది.

మరదలు శనివారం మధ్యాహ్నం రైలుకి విశాఖ వెళ్ళింది. ఆ నల్ల డబ్బా మా ఇంట్లోనే ఉంచమంది.

సోమవారం ఉదయం ఆరు గంటలకి ఆటో వచ్చింది. రెండో పరీక్షకి నా భార్య పలాస వెళ్ళింది.