పడవ వెనక్కి గట్టెక్కిన రోజు

పడవ ఎక్కి చేసిన ప్రయాణాలు నాకు చాలానే ఉన్నాయి. పడవను బండికి తగిలించుకుని చేసిన ప్రయాణం మాత్రం ఇదొక్కటే. నాతో బ్యాంకులో పనిచేసిన సుందరికి సత్తిబాబు అని ఒక తమ్ముడున్నాడు. పదేళ్ళు మస్కట్లో ట్రైలర్లు లాగి, తిరిగొచ్చి, ఒక పాత పికప్ ట్రక్కు కొనుక్కుని బాడుగకు తిప్పుతున్నాడు. యానాం దగ్గర కట్టిన కొత్త పడవను కొత్తపేట అవతలి లంక రేవుకు చేర్చే పని ఒప్పుకున్నాడని సుందరి ఫోన్లో చెప్పింది. నేనూ వస్తానన్నాను. రిటైరయ్యాక నన్ను ఆపేవి మోకాళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

విజయవాడలో మధ్యాహ్నం రైలెక్కి రాజమండ్రిలో దిగి, అమలాపురం బస్సు పట్టుకున్నాను. టిక్కెట్టు ధరలు రాయను. మీరు వెళ్ళేనాటికి మారిపోతాయి, ఆ తర్వాత నన్నంటారు. జొన్నాడ వంతెన మీద అందరూ కిటికీల్లోంచి గోదావరికి దణ్ణం పెట్టారు, నేనూ పెట్టాను. పక్క సీటు పెద్దాయన, "ఎవరి తాలూకండీ తమరు?" అని అడిగాడు. ఇక్కడ ఎవరి తాలూకూ కాదని చెబితే నమ్మలేదు. ముగ్గురు నలుగురు చుట్టాల పేర్లు చెప్పి చూసి, ఒక్కటీ కుదరక, జాలిపడి సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చాడు. వద్దన్నాను. "అలా అనకూడదండీ" అన్నాడు. ఒళ్ళో పెట్టుకున్నాను.

ఏడింటికి అమలాపురం చేరి బస్టాండు దగ్గరే లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి శుభ్రంగా ఉంది, ఫ్యాను మాత్రం రాత్రంతా మూలుగుతూనే ఉంది. తెల్లవారి మొదటి బస్సులో ఆరున్నరకు మురమళ్ళలో దిగాను.

గుడి వీధి మలుపులో పడవ కనిపించింది. నల్లగా తారు పూసిన కొత్త కర్ర పడవ, మెడలో బంతిపూల దండ, ముక్కుకు పసుపు కుంకుమ. ట్రైలరు మీద అది ఎత్తుగా కూర్చుంటే దాని ముందు పికప్ చిన్నబోయినట్టుంది. సత్తిబాబు టైర్లు తడిమి చూస్తున్నాడు. పక్కనే మంగాయమ్మగారు. లంకలో వంగ, దొండ పండించే రైతు. పాత పడవ కిందటి వరదలో పగిలాక, ఊరి తరఫున వెంటపడి ఈ పడవ కట్టించింది ఆవిడే.

"పడవకి ట్రాక్టరు కట్టచ్చు కదండీ?" అని అడిగాను.

"ఏ ట్రాక్టరండీ? అన్నీ నాట్ల కోసం దమ్ము చేలో ఉన్నాయి. ఇనప చక్రాలేసేసేరు, ఆ చక్రాలతో రోడ్డెక్కనివ్వరు" అంది ఆవిడ. "ఇయ్యాళ కాకపోతే ఎల్లుండి ఆషాఢం వచ్చేత్తందండీ. ఆ వెనకాలే వరద, ఎర్రనీరు. పదిన్నర దాటాక ముహూర్తం, పదకొండు లోపల పడవకి నీళ్ళు తగలాలి."

ముగ్గురం ముందు సీట్లో సర్దుకుని బయల్దేరాం. బండికి క్లచ్ పెడల్ లేదు, ఆటోమేటిక్. రేవుకు ముందు ఏటిగట్టును వెనక్కి ఎక్కాలి, ఈ బండితో అదే కష్టమన్నాడు సత్తిబాబు. అదేమంత కష్టమని అడిగితే ఓపిగ్గా చెప్పాడు.

"ముందుకెళ్ళేటప్పుడు దీనికి తిరుగులేదండీ. బరువుని వెనక్కి, అదీ ఎత్తు మీదికి తోయాలంటేనే దీని ప్రాణానికొస్తుంది. చక్రం మెల్లిగా తిరుగుద్ది, ఇంజను గట్టిగా తిరుగుద్ది. ఆ తేడా అంతా గేర్‌బాక్సులో నూనె మీద పడుద్దండీ. బూర్లమూకుడిలా కాగిపోద్ది."

"ఏటిగట్టు వెనక్కే ఎక్కాలా?"

"గట్టు మీద తిప్పుకోడానికి చోటుండదు కదండీ. పడవే ముందెక్కి, పడవే ముందు రేవులోకి దిగాలి. పడవ బరువు కనుక్కునే ఒప్పుకున్నానండీ, దానికి ఇది చాలు. నూనె మాడిందా, గేర్‌బాక్సు పోయినట్టే. అది పోతే నేను మళ్ళీ మస్కట్ ఇమానం ఎక్కాలి." రోడ్డు వంకే చూస్తూ, "మా పాప నన్ను నాన్నా అని పిలవడం ఈమధ్యే మొదలెట్టిందండీ" అన్నాడు.

నేను జామకాయ కొరకడం ఆపేశాను.

ముమ్మిడివరం దాటకముందే మొదటిసారి ఆగాం. ఒకాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి, అరటి గెల ఒకటి పడవలో పెట్టించాడు. కొత్త పడవ గుమ్మం ముందునుంచి వట్టిగా పోకూడదట. పడవలో పెట్టింది ఏదైనా, పడవ నీళ్ళు తాకేదాకా దించకూడదట. "శుభమా అని ఇచ్చింది వద్దనకూడదండీ" అంది మంగాయమ్మగారు. బాగుందనుకున్నాను. మర్యాదలో గోదావరి వాళ్ళకు సాటి లేరని మనసులో ఒక వాక్యం కూడా రాసుకున్నాను.

అమలాపురంలో ఎనిమిదింటికి పొట్టిక్కలు తిన్నాం. పనసాకు దొన్నెలో ఉడికిన ఇడ్లీకి ఉండే వాసన మామూలు ఇడ్లీకి ఏడు జన్మలెత్తినా రాదు. ఇటు వచ్చేవాళ్ళు ఇంకేం చూడకపోయినా ఇది తినండి. మేం తింటున్నంతసేపట్లో పడవలోకి మూడు గెలలు, ఒక బియ్యం బస్తా ఎక్కాయి. పలివెలలో ఒక పెద్దావిడ మా కోసమే కాచుకుని ఉంది. ఆవిడ నాలుగు బస్తాల కొబ్బరికాయలు ఎక్కించి, పైన ఒక పనసకాయ పెట్టించింది. ప్రతిచోటా సత్తిబాబు దిగి, ట్రైలరు టైర్ల వంక చూసి, "ఆయ్, పెట్టండి" అంటూనే ఉన్నాడు. ఇచ్చేవాళ్ళు అతనికి మామయ్యగారో, పిన్నిగారో, అక్క అత్తవారి తాలూకో. వాళ్ళకు బరువవుతుందని చెప్పడం అతని వల్ల కాలేదు. మొహమాటం మూటలు మోయిస్తుందని మా అమ్మ అనేది. ఆ రోజు దాన్ని కళ్ళారా చూశాను.

పదింటికి ఏటిగట్టు కిందికి చేరాం. లంకవాళ్ళంతా గట్టు మీద బారులు తీరి ఉన్నారు. డప్పులు మోగుతున్నాయి. గట్టు పక్క ఖాళీ కళ్ళంలో బండిని చుట్టి తిప్పి, పడవ వెనక భాగాన్ని గట్టు వైపు పెట్టాడు సత్తిబాబు. ఏసీ ఆపాడు. నాలుగు చక్రాలకూ బలం అందే తక్కువ గేరులో వేశాడు. మమ్మల్ని దించేశాడు.

పడవ కదిలింది. మూడో వంతు ఎక్కిందో లేదో, ఇంజను గొంతు మారింది. మోత పెరుగుతోంది, పడవ మాత్రం కదలడం లేదు. కింద ఉన్న నాకు కూడా కమురు వాసన తెలిసింది. సత్తిబాబు బ్రేకు మీద నిలబడి అరిచాడు. నలుగురు పరిగెత్తి చక్రాల వెనకా ముందూ రాళ్ళు పెట్టారు. అతను గేరు తీసేసి, ఇంజను ఆపకుండా కొంచెం వేగంగా తిరగనిచ్చాడు. అలా తిరుగుతుంటేనే నూనె ముందున్న కూలర్లోకి పోయి చల్లారుతుందట. లోపల స్టీరింగు ముందు, నూనె వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతోంది.

"ఇంకొక్క తోపు తొయ్యండి బాబూ" అన్నాడు గట్టు మీదనుంచి ఎవరో.

"పది నలభై అయ్యిందండీ" అన్నారింకెవరో.

ఎవరూ కటువుగా అనలేదు. అందరూ బతిమాలారు, అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. సత్తిబాబు చెయ్యి గేరు మీదికి పోయింది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మంగాయమ్మగారి చెయ్యి పట్టుకుని, పొద్దున అతను పాప గురించి అన్న మాట గుర్తు చేశాను. గేర్‌బాక్సు పోతే ఆ పిల్లకు మళ్ళీ నాన్న ఉండడని చెప్పాను.

ఆవిడ పడవ వంక చూసింది. గెలలు, బస్తాలు, పనసకాయ, వాటి మీద పూలు.

"ఏం బాబూ, ఇయన్నీ దింపేత్తే ఎక్కుద్దా?"

సత్తిబాబు తల దించుకున్నాడు. "ఎక్కుద్దండీ. చల్లారనిచ్చి, కొంచెం కొంచెం తోస్తే ఎక్కుద్దండీ. దారిలోనే చెప్పాల్సిందండీ. నోరు రాలేదు."

"నీళ్ళు తగలకుండా దింపకూడదు కదమ్మా" అన్నాడు ఒక ముసలాయన.

 మంగాయమ్మగారు చీర చెంగు నడుముకు బిగించింది. "పడవ గోదారి దగ్గరికెళ్ళలేకపోతే గోదారే వత్తాది. ఆవిడకేం మొహమాటమా? బిందెలు తెండర్రా."

గట్టు అవతల రేవులోకి ఆడవాళ్ళు దిగారు. తలల మీద బిందెలతో గట్టెక్కి ఇటు దిగారు. మొదటి బిందె మంగాయమ్మగారిది. పడవ ముక్కు మీదనుంచి పసుపు కరిగి నా చెప్పుల మీదికి కారింది. డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. ముసలాయన చేతి గడియారం చూసుకుని, ఇంకా పది నిమిషాలు ఉందన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముహూర్తాలు నమ్మే మనిషిని కాను నేను.

ఆ తర్వాత గెలలు దింపడానికి ఎంతసేపు? బస్తాలు భుజాల మీద గట్టెక్కేశాయి. ఎర్ర దీపం ఆరిపోయాక కూడా సత్తిబాబు తొందరపడలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. రెండు బారలు తోయడం, రాళ్ళు పెట్టడం, గేరు తీసి ఇంజనును తిరగనివ్వడం, మళ్ళీ తోయడం. పన్నెండున్నరకు పడవ గట్టు దాటి రేవులోకి దిగి, బాతులా ఒకసారి ఊగి నిలబడింది. భోజనంలో వంకాయ కూర మూడుసార్లు వడ్డించారు. నేను వద్దనలేదు.

మూడింటికి తిరుగు ప్రయాణం. నా సంచి అమలాపురం లాడ్జిలో ఉండిపోయింది కాబట్టి అదే బండిలో ఎక్కాను.  బండి బాగానే పోతోంది, కానీ లోపల నూనె మాడిందో లేదో చూస్తే గాని తెలియదన్నాడు సత్తిబాబు. పలివెల రాగానే ఆ కొబ్బరికాయల పెద్దావిడ అరుగు మీదనుంచి లేచి వచ్చింది. అక్కడే ఆపి, ఇంజను తిరుగుతుండగానే బానెట్ ఎత్తాడు.

"పడవ దిగిందా నాయనా?"

"దిగిందండీ." తలెత్తకుండానే చెప్పాడు. "మీరు పెట్టిన బస్తాలు బరువైపోయేయండీ. మధ్యలో ఆగిపోయేను."

ఆవిడ నొచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ చిత్రంగా చూసింది. "ఆ మాట పొద్దున్న అనుంటే మావాడు సైకిలు మీద రేవుకే తెచ్చేవోడు కదయ్యా. దానికేముంది?"

సత్తిబాబు గేర్‌బాక్సు నూనె కొలిచే పుల్లను బయటికి లాగాడు. తెల్ల గుడ్డ మీద తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత ఆ గుడ్డ నా చేతికిచ్చాడు. మాడితే నల్లగా ఉండాలట. గుడ్డ మీద మరక దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

పెద్దావిడ ఇంతలోనే లోపలికెళ్ళి రెండు కొబ్బరి బోండాలు తెచ్చింది, దారిలో తాగమని. సత్తిబాబు చేతులు తుడుచుకుని ఆవిడ వంక చూశాడు.

"ఒకటి చాలండీ" అన్నాడు.