షిమాంతో నది చేప

మొన్న యూనివర్సిటీ ఫ్లాట్ వంటగదిలో కీరదోసకాయ కోస్తుంటే ఆ పచ్చి వాసనకి చెయ్యి ఆగిపోయింది. నాన్న ఉద్యోగం జపాన్‌లో ఉన్నప్పుడు, ఒక వేసవిలో, అడుగున గులకరాళ్ళు కనిపించే షిమాంతో నదిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, పుల్లకి గుచ్చి ఉప్పు రాసి కాల్చిన చేపలు తిన్నాం. ఆ చేప పేరు ఆయు. పచ్చిగా ఉన్నప్పుడు అచ్చం కీరదోస వాసనే వేస్తుంది.

తర్వాత ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ వచ్చాం. కారు లేనిదే కాలు కదపలేని ఆ ఊళ్ళో, డ్రైవింగ్ రాని అమ్మకి శారద ఆంటీయే దిక్కు. శుక్రవారం పారాయణకీ, కూరగాయలకీ, చివరికి డాక్టరు దగ్గరకీ ఆవిడ కారే. నీచు తినేవాళ్ళని ఆవిడ బృందం పూజ వంటకి రానివ్వదని తెలిసి, అమ్మ మొదటిరోజే "మేం ముట్టమండీ" అనేసింది. చేప వండిన రోజు మాత్రం చలికి వణుకుతూ కిటికీలన్నీ తెరిచి అగరొత్తులు వెలిగించేది.

ఆ ఏడు వినాయక చవితికి శారద ఆంటీ ఇంట్లో ఉండ్రాళ్ళూ, పాయసం, అమ్మ చేసిన పులిహోర బల్ల మీద ఉండగా, వడ్డనకి ముందు వాళ్ళాయన మూర్తి అంకుల్ ఎప్పట్లాగే పిల్లలకి క్విజ్ పెట్టారు. టీవీలో పిట్టగోడల్లేని వంతెన, తేట నీళ్ళు, పక్కనే మొప్ప దగ్గర పసుపు మచ్చ ఉన్న చేప.

"ఏ నదో, ఏ చేపో చెప్పండి."

నా ఇంగ్లీషుకి నవ్వే పిల్లలంతా తెల్లమొహాలేశారు. నేను లేచి చెప్పాను.

"శభాష్. ఎలా తెలుసమ్మా?"

"తిన్నాం అంకుల్. అమ్మ నా వాటా కూడా తినేసింది."

ఎవరూ నవ్వలేదు. "అది రాళ్ళ మీద పాచే తింటుంది ఆంటీ, వెజిటేరియనే" అన్నాను. శారద ఆంటీ చిరునవ్వు చెదరకుండా పులిహోర గిన్నెకి మూతపెట్టి, తీసుకెళ్ళి గుమ్మంలో చెప్పుల పక్కన పెట్టింది. తర్వాత నాకు చప్పట్లు కొట్టించి రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చింది.

వెళ్ళేటప్పుడు కార్లో చోటు లేదంది. ముసురులో, నిండు గిన్నె చంకన పెట్టుకుని నడుస్తూ అమ్మ, "నోరు మూసుకునుంటే నీకేం పోయేదే?" అంది. ఆ పెన్సిళ్ళ డబ్బా నేనెప్పుడూ తెరవలేదు. తర్వాతి శుక్రవారం అమ్మ చీర కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కారు రాలేదు.

ఆ బృందం ఎప్పుడో చెదిరిపోయింది. శారద ఆంటీ వాళ్ళు మిల్టన్ కీన్స్ వెళ్ళిపోయారు. పోయిన సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, ఆ నది గుర్తుందా అని అమ్మని అడిగాను.

"మనం చేపలెప్పుడు తిన్నామే?" అంది, గొంతు తగ్గించి. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.