కాక పెట్టుకున్న జీడిచుక్క

మా కాక, అంటే నాన్న తమ్ముడు, పహిల్వాన్. మెదక్ ఖిల్లా కింద మా గల్లీ చివరున్న తాలింఖానాలో రోజూ కుస్తీ పట్టేవాడు. చెవి చిరిగినా కిమ్మనని ఆ మనిషి, టీకాలాయన సైకిల్ గంట వినిపిస్తే మాత్రం వెనక గోడ దూకి పారిపోయేవాడు. ఆ భయంలో కొంత న్యాయముంది. అప్పటి మశూచి టీకా అంటే జబ్బ మీద మందుచుక్క వేసి, పళ్లున్న చిన్న చక్రాన్ని దాని మీద నొక్కి గిర్రున తిప్పడమే.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఇంటింటికీ వచ్చి టీకా మచ్చ చూస్తారని చాటింపు వేశారు. కాక ఒక ఉపాయం పన్నాడు. ఉతికే బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ సంపాదించి, గుండుసూదితో ఆ రసాన్ని జబ్బ మీద చుక్కగా పెట్టుకున్నాడు. అది నల్లగా పొక్కి, ఎండి, అచ్చం టీకా పొక్కులాగే తయారైంది.

"పహిల్వాన్ సాబ్, జర చెయ్యి చూపియ్యుండ్రి" అన్నాడు టీకాలాయన.

"నాకు హైదరాబాద్ల ఏసిండ్రు సార్. మస్తు నొచ్చింది" అని కాక మూతి కూడా వంకర పెట్టాడు.

ఆయన నమ్మి వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకు మళ్లీ తనిఖీ అన్నారు. మచ్చ అప్పటికే మాసిపోతోంది. కాక ధీమాగా ఇంకో చుక్క పెట్టుకున్నాడు. ఈసారి రెండో రోజుకల్లా చెయ్యంతా ఉబ్బి నీటిపొక్కులు లేచాయి. రెప్పలు వాచాయి. చంకలో బిళ్లలు కట్టాయి.

"అయ్యో, తల్లి పోసింది బిడ్డా!" అని నాయనమ్మ మశూచే అనుకుని గుమ్మానికి వేపమండలు కట్టి, కాకను వెనక గదిలో చాప మీద పడుకోబెట్టింది. మాంసం బంద్. నిజం చెబితే టీకా తప్పదు, చెప్పకపోతే చల్ల తాగి బతకాలి. కాక కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"జర రెండు మటన్ బొక్కలు తెచ్చియ్యవే."

"తల్లికి కోపమొస్తది కాకా" అన్నాను బుద్ధిగా.

కబురు దవాఖానాకు చేరింది. డాక్టర్, టీకాలాయన ఇద్దరూ పరుగున వచ్చారు. డాక్టర్ లోపల కాకను చూస్తుంటే, బయట టీకాలాయన గల్లీనంతా వరసగా నిలబెట్టి చక్రం తిప్పేశాడు, నాతో సహా.

"గిది తల్లి గాదు. జీడి పెట్టుకున్నవా, పహిల్వాన్?" అని డాక్టర్ నవ్వడం వినిపించింది. నాయనమ్మ గుమ్మానికున్న వేపమండ లాగి, దానితోనే కాక వీపు మీద నాలుగు వడ్డించింది.

చెయ్యి మానాక కాకకూ టీకా పడింది. అది వేయించుకుని దవాఖానా మెట్ల మీద కూలబడి, సోడా తాగాక గానీ లేవలేదు.

మొదటి చుక్కకు ఒక్క పొక్కుతో ఊరుకున్న ఒళ్లు రెండోదానికి ఎందుకు అంత రెచ్చిపోయిందో, నేను కాలేజీలో జీవశాస్త్రం చెప్పేటప్పుడు తెలిసింది. చర్మంలో కొమ్మల్లాంటి చేతులు చాచిన డెండ్రైటిక్ కణాలుంటాయి. జీడిరసం తగిలితే అవి దాని ఆనవాలు పట్టుకుని చంకలోని లింఫ్ గ్రంథుల దాకా, అంటే కాకకు బిళ్లలు కట్టిన చోటి దాకా వెళతాయి. అక్కడ ఒంటిని కాచే రకరకాల టి కణాలుంటాయి, ఒక్కోటి ఒక్కో ఆనవాలునే గుర్తుపడుతుంది. డెండ్రైటిక్ కణం తను తెచ్చింది చూపించి, సరిపడే టి కణం తగిలితే "ఇది ప్రమాదం" అని ఇంకో సంకేతమిచ్చి మేల్కొలుపుతుంది. ఆ ఒక్కటీ రెండై, నాలుగై, దండు అవుతుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది కనుక మొదటిసారి కాక బతికిపోయాడు. రెండోసారికి దండు కాచుకుని కూర్చుంది. నిజం టీకా కూడా ఈ కణాల చేతనే ఒంటికి మశూచి ఆనవాలు ముందుగా నేర్పించి పెడుతుంది.

ముసలితనంలో కాకకు ఇదంతా వివరించాను. చాలాసేపు జబ్బ తడుముకున్నాడు.

"నా తిండి తినుకుంట, నా మీదనే చాడీలు చెప్పిందానే గా కొమ్మల కణం?" అన్నాడు.