వదిన దాచిన చామంతి పిలకలు

మా వదిన కనకలక్ష్మి గూడూరు నుంచి నర్మెట్ట పక్కన మా ఊరికి కోడలుగా వచ్చినప్పుడు, బట్టల పెట్టెతో పాటు తడిగోనెలో చుట్టిన చామంతి పిలకలు తెచ్చింది. వాళ్ళమ్మ పెంచిన మొక్కల పిలకలవి. పువ్వు చిన్నదే గానీ రంగు ముదురు పసుపు, వాసన ఇల్లంతా నిండేది. ఆ మూట చూసి మా అన్న ఐలయ్య నవ్వాడు.

"ఏందే, మా ఊర్లె ఆకుకూర దొరకదనుకున్నవా?"

ఆ ఆకుకూరే రెండేళ్ళలో బావి పక్కన పది గుంటల తోటయింది.

చామంతి పూయించడం పెద్ద విద్యేం కాదు. పూత అయిపోయాక ఎండాకాలం దాటించి, మళ్ళీ వానలకు నాటడానికి పిలకలు మిగుల్చుకోవడమే కష్టం. మాఘంలో పూలు కోయడం ఆగగానే వదిన మొక్కల్ని జానెడు ఉంచి కోసేసేది. బలమైన రెండు సాళ్ళ మీద మాత్రం తాటికమ్మల పందిరి వేసి, దినం తప్పి దినం బిందెతో నీళ్ళు పోసేది. వాటిని 'తల్లులు' అనేది. నీళ్ళు ఎక్కువైతే తల్లులు కుళ్ళిపోతాయి, తక్కువైతే మాడిపోతాయి. వాళ్ళమ్మ పోయాక గూడూరులో ఆ రకం మిగల్లేదు. ఉన్నది మా పందిరి కిందే.

తొమ్మిదేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఆ తల్లుల ఆకుల అడుగున పేనుబంక పురుగు కనిపించింది.

"జర మందు కొట్టు జయపాలూ" అంది వదిన.

నాకేమో క్రికెట్ ఆటకు ఆలస్యమవుతోంది. ముందురోజు గట్ల మీద గడ్డిమందు కొట్టిన పంపునే కడగకుండా, అందులోనే పురుగుమందు కలిపి కొట్టేసి పోయాను. వారం తిరిగేసరికి రెండు సాళ్ళూ పసుపెక్కి, వాడి, మాడిపోయాయి. పంపులో మిగిలిన గడ్డిమందు సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ పోచమ్మ తీర్పు చెప్పేసింది. నెలసరి రోజుల్లో ఆడది తాకితే పూలమొక్క మాడిపోతుందని మా ఊళ్ళో నమ్మకం.

"ముట్టుతోని పందిరి కిందికి పోయినవా ఏందే?"

"లేదత్తా. నాకింక తారీఖు కాలే."

ఖర్మ కొద్దీ ఆ మర్నాడే వదిన వసారాలో విడిగా చాప వేసుకోవాల్సి వచ్చింది. ఇంకెవరు నమ్ముతారు? అన్న కూడా మొహం తిప్పుకున్నాడు. నేను అన్నం తింటున్నాను. సిగ్గులేకుండా తింటూనే ఉన్నాను.

ఆ తర్వాత వదిన తోటలో అడుగు పెట్టలేదు. ఏటా అన్న నర్సరీ నారు తెచ్చి వేస్తాడు. ఆమె కంచె బయట కూర్చుని దండలు కడుతుంది. నెలలో ఏ రోజైనా సరే, లోపలికి రాదు. 'రేపు చెప్తా' అనుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపిన ఘనుణ్ణి నేను. తన తప్పు లేదని తనకు తెలుసు కదా, ఆ మాత్రం ధైర్యం ఆమెకుంటుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి.

మొన్న ఫిబ్రవరిలో అన్న కూతురు శ్రీలత పెద్దమనిషయింది. మా అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బుద్ధులు చెబుతోంది.

"పూలచెట్ల దిక్కు పోకు బిడ్డా. మీ అమ్మ గట్లనే పోయి అన్ని సంపింది."

పిల్ల తలెత్తి తల్లి వైపు అదోలా చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"వదిన సంపలే అవ్వా. నేనే సంపిన. గడ్డిమందు పంపు కడగకుండ కొట్టిన."

"గిప్పుడెందుకురా గా ముచ్చట" అని మా అమ్మ గొణిగింది. నేను వదిన తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. నాలుగు తిడితే నా బరువు దిగిపోయేది.

వదిన బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"నిజమా జయపాలూ?"

"నిజమే వదినా."

ఆమె చేతికంటిన తవుడు కొంగుకు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"అత్త అడిగిన తెల్లారే అయితి గదా. ముందే అయిందేమో, నేనే సూస్కోలేదేమో అనుకున్న. మా అమ్మ ఇచ్చిన చెట్లను నా చేతులతోనే సంపుకున్ననని గిన్నేండ్లు ఏడ్సిన."