మా వీధి మధ్యలో గీత

ఎదురింటి సారు పోయారని నాకు ఆఫీసులో, మీటింగ్ మధ్యలో తెలిసింది. ఆయనే నన్ను చేర్పించిన తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో "మాస్టారు ప్రభువు సన్నిధికి వెళ్ళారు" అని ఎవరో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మీటింగ్‌లో నా వంతు రాగానే "నో అప్‌డేట్స్" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

సారుది గుంటూరు వైపు. ఇక్కడి సిటీ హైస్కూల్లో పిల్లలకు ప్రభుత్వం ఎలా నడుస్తుందో పాఠం చెప్పి రిటైరయ్యారు. మా ఆఫీసు తెలుగువాళ్ళంతా పనికి దగ్గరని నోవై అనే శివారు ఊళ్ళోనే ఉంటే, నేను పాపతో సిటీలో దిగాను. మొదటి వారమే సారు వీధి దాటి వచ్చి, "ఏమ్మాయ్, నువ్వే డిస్ట్రిక్ట్‌లో ఉన్నావో తెలుసా?" అని అడిగారు. వరంగల్ అన్నాను. పడీ పడీ నవ్వారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఎన్నికల నియోజకవర్గమట.

వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ఎప్పుడూ ట్రేసింగ్ పేపర్ల చుట్ట ఉండేది. ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో మా సీటు మ్యాపులవి, పదేళ్ళకొకటి, ఆయన చేత్తో గీసినవి. ఒకదాని మీద ఒకటి పరిచి చూపించేవారు. మొదట్లో సీటు పలకలా చదరంగా ఉండేది. కార్ల ఫ్యాక్టరీలు మూడు షిఫ్టులూ నడిచిన రోజులవి. తర్వాత ఫ్రీవే కోసం నల్లజాతి కుటుంబాల ఇళ్ళు కూలగొట్టారు. తెల్లవాళ్ళు ఊరి బయటికి తరలిపోయారు. ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. అంత జరిగినా మిగిలినవాళ్ళు కొట్లాడి తమలో ఒకరిని కాంగ్రెస్‌కు పంపుకున్నారు. కానీ ఊళ్ళో జనం తగ్గినకొద్దీ, ఒక సీటుకు ఉండాల్సినన్ని తలలు సరిపోక, సీటు పదేళ్ళకోసారి బయటి ఊళ్ళలోకి సాగుతూ పోయింది. "గీత గీసేవాడు ఒక్కసారన్నా ఈ వీధిలో నడవాలమ్మా" అనేవారు సారు.

చివరిసారి ఆ గీత సరిగ్గా మా వీధి మధ్యకు వచ్చింది. ఆయన వైపు ఒక సీటు, నా వైపు ఎక్కడో దూరపు ఊళ్ళతో కలిసి ఇంకో సీటు. ఇంకా ఖాయం కాలేదు, గీతలు గీసే కమిషన్ పెట్టే సభకు జనం వచ్చి అభ్యంతరం చెప్పొచ్చన్నారు.

"నాకు ఓటే లేదు గద సార్. నేనేం మాట్లాడాలె?"

"ఓటు లేకపోతేనేం, లెక్కలో ఉన్నావుగా! నిన్నూ నీ పిల్లనీ లెక్కేసుకునేగా సీటు గీసేది? నా వైపు సంగతి నేను చెప్తా. నీ వైపు నుంచి ఒక్కళ్ళు చెప్పాలి. రెండు నిమిషాలు, అంతే."

సరేనన్నాను. ఆ వారమే నా హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ మీద ఇమిగ్రేషన్ వాళ్ళ ప్రశ్నలు వచ్చాయి. "పిచ్చా నీకు? పేరు రికార్డులకెక్కితే వీసా సంగతేంది?" అంది మా టీమ్‌లో అమ్మాయి. నిజమో కాదో లాయర్‌ని కూడా అడగలేదు. సభ రోజు పొద్దున్నే, పాపకు జ్వరమని సారుకు మెసేజ్ పెట్టాను. పాప నా ఎదురుగానే కూర్చుని ఇడ్లీ తింటోంది.

ఆ సభను ఆన్‌లైన్‌లో చూశాను. సారు మాట్లాడటం అయ్యాక, "వీధికి అటువైపు వాళ్ళెవరైనా ఉన్నారా?" అని కమిషన్ వాళ్ళు అడిగారు. సారు వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి చూశారు.

సాయంత్రం గిన్నెలో మిరియాల చారు పట్టుకుని వచ్చారు. పాప వాకిట్లో సైకిల్ తొక్కుతోంది. "తగ్గిందన్నమాట, మంచిది" అని గిన్నె నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది.

గీత ఖాయమైంది. తర్వాత మా వీధి చివరి క్లినిక్ మూతబడుతుందంటే సారు సంతకాల కట్ట పట్టుకుని ఇద్దరు ప్రతినిధుల ఆఫీసులకూ తిరిగారు. ఇక్కడ అక్కడికి వెళ్ళమన్నారు, అక్కడ ఇక్కడికి. క్లినిక్ పోయింది. ఆయన నెలనెలా బీపీ చూపించుకునేది అక్కడే. అది ఉంటే ఆయన ప్రాణం తీసిన స్ట్రోక్ వచ్చేది కాదని నేననలేను. ఉన్నా వచ్చేదే అనుకోవడానికీ ధైర్యం లేదు.

మంచు పడితే మాత్రం తన వాకిలి అయ్యాక పార భుజాన వేసుకుని నా వైపు వచ్చేవారు. "ఇది మీ డిస్ట్రిక్ట్ కాదు సార్" అనేదాన్ని. "మంచుకి తెలీదులే" అనేవారు.

ఆయన కూతురు ఆ మ్యాపుల చుట్ట నాకిచ్చింది. లోపల ఒక కాగితం, ఆయన గుండ్రటి దస్తూరీలో. పైన "భయమేస్తే తెలుగులోనే చదువు, నేను ఇంగ్లీషులో చెప్తా" అని ఉంది. కింద నేను చదవాల్సింది: "నాకు ఓటు లేదు. నేను ఈ వీధిలో ఉంటాను. మంచు పడితే ఎదురింటాయన వచ్చి మా వాకిలి శుభ్రం చేస్తాడు. మా స్కూలొకటే, క్లినిక్కొకటే. దయచేసి మమ్మల్ని విడదీయకండి."

మళ్ళీ గీతలు గీసేదాకా నేనీ దేశంలో ఉంటానో లేదో తెలియదు. ఈ పాపం ఎక్కడ కడుక్కోవాలో అంతకన్నా తెలియదు. నిన్న కిటికీ దగ్గర నిలబడి ఆ కాగితం గట్టిగా చదివాను. నిమిషం కూడా పట్టలేదు. బయట మంచు పడుతోంది. ఆయన గుమ్మం నుంచి నా గుమ్మం దాకా ఒక్క అడుగు జాడ లేదు.