తొందర లేని టీచరమ్మ

డెబ్బైల్లో బడి నన్ను ఆరో తరగతిలోనే వదిలించుకుంది గానీ, ఫలక్‌నుమాలోని మా చర్చి సండేస్కూల్ టీచరమ్మ మాత్రం వదల్లేదు. ఆమె ప్రతి ఆదివారం ఆలస్యంగానే వచ్చేది. ఎందుకని అడిగితే ఒకటే మాట: "తొందరేమున్నది?"

ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, భూమి పుట్టి ఆరువేల ఏళ్లేనని పిల్లలకు చెప్పమన్నారు. లెక్కల్లో నాకు ఆరూ, ఆరువేలూ ఒకటే గనక నేను ఎవరి పక్షమూ కాదు. టీచరమ్మ మాత్రం కిటికీ అవతలున్న పెద్ద బండను చూపించింది.

"అయ్యగారూ, మన గల్లీల హలీం ఉడికెతందుకే రాత్రంతా పడుతది. గంత బండను దేవుడు ఒక్క పూటల దించిండా? ఆయనకు తొందరేమున్నది? కోట్ల ఏండ్లు తీసుకున్నడేమో!"

"వచ్చే ఆదివారం ఆరువేలని చెప్పమ్మా. లేకుంటే క్లాసు నేనే తీసుకుంట."

టీచరమ్మ ఒంటరి మనిషి. ఆ ఒక్క గంట కోసమే వారమంతా ఎదురుచూసేది.

ఆదివారం ఆలస్యంగానే వచ్చింది. పాస్టరుగారు గుమ్మంలోనే ఆపారు.

"ఏమంటవమ్మా?"

"నాకు తెల్వనిది తెలుసని పిల్లలకు చెప్పను, అయ్యగారూ."

అనేసి వెళ్లి ఆ బండ మీద కూర్చుంది.

ఆయన లోపలికొచ్చి మమ్మల్ని అడిగారు. "భూమి పుట్టి ఎన్నేండ్లయింది? జల్ది చెప్పుండ్రి!"

నేను లేచాను. "తొందరేమున్నది, అయ్యగారూ?"

క్లాసంతా అదే మాట అందుకుంది. కిటికీలోంచి చూస్తే టీచరమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు దాచుకోవడానికి కూడా ఆమె తొందరపడలేదు.