నా కారుకి బాత్రూం పైపు

విజయనగరం నుంచి చీపురుపల్లి అవతల నేను పాఠాలు చెప్పే బడికి రోజూ నా కారులోనే వెళ్తాను. పాతదే అయినా నేను కొనుక్కున్నది. మా ఆయనకి బైకు ఉంది.

ఒక ఆదివారం పిన్నిని రామతీర్థం తీసుకెళ్ళాను. ఆవిడకి కారంటే కడుపులో తిప్పుతుందని బస్సులో వెళ్ళాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటి ముందు నా కారు బానెట్ ఎత్తి ఉంది. మా ఆయనా, మా తమ్ముడూ దాని మీద వంగి ఉన్నారు.

"ఏటి సేస్తన్నారు?" అన్నాను.

"ఇంజన్‌కి గాలి సాలడం నేదప్పా. కంపెనీవోడు పెట్టిన గాలి ఫిల్టర్ డబ్బా తీసేసి మేవే ఒకటి తయారుచేసినాం. ఇంక సూడు, బండి ఎలా లాగుతాదో," అన్నాడు తమ్ముడు.

బాత్రూం పనిలో మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్కను వంపు తిప్పి ఇంజన్‌కి బిగించారు. దుమ్ము వెళ్ళకుండా దాని మూతికి స్పాంజి చుట్టి, తీగతో కట్టారు. ఫోన్‌లో ఎవరో చేస్తుంటే చూశారట.

"మరి పాత డబ్బా ఏదీ?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పాతసామాన్లోడొస్తే ఇచ్చేసినాం," అన్నాడు మా ఆయన.

నన్ను ఒక్క మాట అడగలేదు. ఫోన్ నా చేతిలోనే ఉంది, రామతీర్థం ఏమంత దూరం కాదు. అదే నేను ఆయన బైకు సీటు కవరు మార్చినా ఇల్లు ఎగిరిపోయేది.

మర్నాటి నుంచి కారు రోడ్డంతా వినపడేలా గుర్రుమంటూ నడిచింది. బడి గేటు దగ్గర పిల్లలు చెవులు మూసుకునేవారు. వేగం మాత్రం ఏమీ పెరగలేదు. అవి నూర్పుల రోజులు, దారి పొడుగునా ఊక దుమ్ము. వారం తిరక్కుండానే చీపురుపల్లి దాటాక బండి కుదుపుతూ కుదుపుతూ ఆగిపోయింది. దారిన పోతున్న వాళ్ళు తోసి, దగ్గరలోని షెడ్డుకి చేర్చారు.

మెకానిక్ బానెట్ ఎత్తి తీగ విప్పాడు. స్పాంజి చిరిగి సగం లోపలికి పోయింది. ఇంజన్ వేడికి మెత్తబడి, పైపు జాయింటు దగ్గర వదులైంది. ఆ సందులోంచి ఇంజన్ దుమ్మంతా పీల్చుకుంది.

"మేడమ్, సారుకి ఓపాలి ఫోన్ సెయ్యండి. ఆయనతోటి మాటాడతాను," అన్నాడు.

"నాతో చెప్పండి. బండి నాదే."

"మీకు అర్థం కాదు మేడమ్."

నా ఒళ్ళు మండిపోయింది. అయినా బడికి వేళవుతోందని ఫోన్ కలిపి ఇచ్చాను. స్పీకర్‌లో మా ఆయన గొంతు తాపీగా వినిపించింది. "ఆవిడ క్లచ్ మీద కాలేసి నడుపుతాది. అదే అయ్యుంటాది."

మెకానిక్ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. "పైపు మీది, స్పాంజి మీది. నా కాలు సంగతి ఇంటికొచ్చాక మాటాడదాం," అని పెట్టేశాను. మెకానిక్ తల దించుకుని స్పానర్ వెతుక్కున్నాడు.

షెడ్డు వెనకాల అదే రకం కారు ఒకటి తుక్కుగా పడి ఉంది. నా ఇంజన్‌లోకి పోయిన స్పాంజి ముక్కలూ దుమ్మూ తీయించి, ఆ తుక్కు కారు డబ్బా ఊడదీయించి, కడిగించి, కొత్త ఫిల్టర్ వేయించి నా కారుకి పెట్టించాను. సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను. ఏది ఎక్కడ బిగిస్తున్నాడో, ఎందుకు బిగిస్తున్నాడో ఒక్కొక్కటీ అడిగాను. మొదట విసుక్కున్నా, తర్వాత అతనే చూపించి చెప్పాడు.

ఇంటికొచ్చి పైపుని వాళ్ళ ముందు పడేశాను. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "స్పాంజి మందం సాల్లేదు బావా," అన్నాడు. మా ఆయన అవునని తలూపాడు.

ఇప్పుడు బానెట్ నేనున్నప్పుడే తెరవాలి. బంధువులొస్తే మా ఆయన మాత్రం "కారు ఫిల్టర్ మార్పించాం" అని చెప్తాడు. తప్పైందని ఆ ఇద్దరిలో ఒక్కరూ ఇప్పటిదాకా అనలేదు.